ఇంటి గోడ మనదే, ఎన్నికలప్పుడు దాని మీద ఏమి ఉండవచ్చు?

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మున్సిపాలిటీ పరిధిలోని మీ సొంత ఇంటి ప్రహరీ మీద ఒక పార్టీ వాళ్ళు అడగకుండా గుర్తు వేసి పోయారు, ఏమి చేయాలి? మీకు నచ్చిన పార్టీ జెండా మీ డాబా మీద కట్టుకోవచ్చా? పై వాటాలో అద్దెకున్నవారు ఇంకో పార్టీ ఫ్లెక్సీ కట్టారు, దాన్ని తీయించే హక్కు మీకు ఉందా? మీ శ్రీమతి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఇంకేదైనా అడ్డంకి ఉందా?

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నాలుగు సార్వత్రిక ఎన్నికల్లో ఎన్నికల కోడ్ (ప్రవర్తనా నియమావళి) అమలు బృందంతో తిరిగాను. సున్నం బకెట్లు, నిచ్చెన, వీడియో తీసే కుర్రాడు, ఒక కానిస్టేబులు, ముందు సీట్లో నేను. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల సంగతి చెబుతాను. మున్సిపల్, పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూసుకుంటుంది. వాటికీ కోడ్ ఉంటుంది, తీరు దగ్గర దగ్గరగా ఇదే, కానీ ఉత్తర్వులు వేరుగా వస్తాయి.

మొదట గోడ రాతలు. అందరూ పొరబడేది ఇక్కడే. "నా గోడ, నా ఇష్టం, నేనే రాయించుకున్నాను" అని ఇంటాయన గుమ్మంలో నిలబడి వాదించిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. ఎన్నికల కమిషన్ ఆదేశాల్లో ఈ వాదనకు జవాబు ముందే రాసి ఉంది. స్థానిక చట్టం స్పష్టంగా అనుమతిస్తే తప్ప గోడల మీద రాయడం, పోస్టర్లు అతికించడం, సులభంగా తీసివేయడానికి వీలులేని ఇలాంటి పనులేవీ ప్రైవేటు ఇళ్ళ మీద కూడా చేయకూడదు. యజమాని ఒప్పుకున్నాడన్న సాకు చెల్లదని కూడా అందులో ఉంది. మన దగ్గర ఆ స్థానిక చట్టం 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. బహిరంగ ప్రదేశాలను వికృతం చేయడాన్ని, అశ్లీల, అవాంఛనీయ పోస్టర్లను ఆపడానికి చేసిన చట్టం అది. విభజన తరువాత తెలంగాణలోనూ కొనసాగింది. ఇది ఎన్నికల కోడ్ లాగా కొన్నాళ్ళు ఉండి పోయేది కాదు, ఏడాది పొడవునా ఉంటుంది. కాబట్టి కోడ్ ఇంకా రాలేదని అడగకుండా మీ గోడ మీద రాసినవాడు కూడా తప్పు చేసినట్టే.

పట్టణాల్లో మా బృందాలు గోడ రాత కనిపిస్తే చెరిపేసేవి, అంతే. పల్లెల్లో యజమాని రాతపూర్వక అంగీకారం ఉందని చూపిస్తే, చట్టం ఎంత వరకు ఒప్పుకుంటుందన్న ప్రశ్న వచ్చేది. ఒప్పుకునే చోట కూడా ఆ అంగీకార పత్రం నకలు మూడు రోజుల్లోగా ఆ నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి అందాలి. అందులో యజమాని పేరు, చిరునామా, అయిన ఖర్చు ఉండాలి. చాలామంది పత్రం తెచ్చేవారు, ఖర్చు గడి మాత్రం ఖాళీగా వదిలేసేవారు. మాకు కావలసింది ఆ గడే!

ఎందుకో చెప్పాలంటే ఒక ముసలమ్మ ఇంటి సంగతి చెప్పాలి. ఊరి పేరు, పార్టీ పేరు ఎందుకులెండి. భర్త పోయి ఒంటరిగా ఉండే మనిషి. రోడ్డు మలుపులో ఇల్లు, నలభై అడుగుల ప్రహరీ. గోడ రాతల వాళ్ళ కళ్ళకు అది బంగారు గని. ఒకనాడు పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళు వచ్చి, "మామ్మా, గోడకు ఉచితంగా సున్నం కొడతాం" అన్నారట. పాచి పట్టిన గోడ బాగుపడుతుందని ఆవిడ సంతోషించింది. సున్నం ఆరిన మర్నాడు ఒక మూల చిన్న అక్షరాలతో ఆ పార్టీ పేరు, పక్కన "బుక్డ్" అని కనిపించింది. ఆ పై వారం గోడ నిండా గుర్తు, అభ్యర్థి పేరు, చేతులు జోడించిన బొమ్మ. మేము వెళ్ళేసరికి ఆవిడ భయపడిపోయి ఉంది. చెరిపితే వీళ్ళు ఏమంటారోనని, ఉంచితే అవతలి పార్టీ వాళ్ళు ఏమంటారోనని. "నేను రాయించానని మాత్రం రాయకు నాయనా" అని నా చేతులు పట్టుకుంది.

ఆ రోజు నుంచి నాకు ఈ నిబంధనల వరస అర్థమైంది. కమిషన్ మీ అభిప్రాయాన్ని గోడ మీద నుంచి చెరపాలని చూడటం లేదు. ఆ గోడ మీద ఉన్నది మీ ఇష్టంతో ఉందా, ఎవరి డబ్బుతో ఉంది, ఈ రెండే అది అడుగుతుంది. ఇకముందు నేను చెప్పే ప్రతి నిబంధననూ ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని చదవండి, ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది.

మీ గోడ విషయానికి వస్తే, కోడ్ వచ్చిన రోజు దాకా ఆగనక్కరలేదు. మున్సిపల్ కమిషనరుకు ఒక కాగితం రాసి ఇవ్వండి. "నా ఇంటి ప్రహరీ మీద నా అనుమతి లేకుండా రాశారు, తొలగించగలరు" అన్న ఒక్క వాక్యం, తేదీ, ఫొటో చాలు. అందినట్టు ముద్ర వేయించుకోండి. రేపు ఎవరైనా ఆ రాత మీరే రాయించారంటే ఈ కాగితమే మీకు అండ.

కోడ్ వచ్చాక వరస ఇలా ఉంటుంది. షెడ్యూలు ప్రకటించిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లోని రాతలు, ఫ్లెక్సీలు 24 గంటల్లో పోవాలి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, కరెంటు స్తంభాలు, వంతెనల వంటి బహిరంగ స్థలాల్లోవి 48 గంటల్లో. ప్రైవేటు ఆస్తుల మీద అనధికారంగా ఉన్నవి 72 గంటల్లో. 2023లో తెలంగాణ అసెంబ్లీ షెడ్యూలు అక్టోబరు 9న వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కు 2024 మార్చి 16న. రెండు చోట్లా ఆ మూడు రోజులు మున్సిపల్ సిబ్బందికి నిద్ర ఉండి ఉండదు. తొలగించడానికి అయిన ఖర్చు ఆ పార్టీ నుంచో అభ్యర్థి నుంచో రాబట్టాలి, అభ్యర్థి ఎన్నికల ఖర్చులోనూ కలపాలి. ఇంటి యజమాని జేబుకు ఏ సంబంధమూ లేదు. సున్నం డబ్బులు మీరు ఇచ్చుకోవాలని ఎవరైనా అంటే వినకండి.

మూడు రోజులు గడిచినా మీ గోడ అలాగే ఉంటే, కోడ్ ఉల్లంఘనల మీద ఫిర్యాదు చేయడానికి ఎన్నికల కమిషన్ పెట్టిన సి-విజిల్ యాప్ ఉంది. అందులో పాత ఫొటోలు ఎక్కించడం కుదరదు, అప్పటికప్పుడు యాప్‌లోనే తీయాలి, మీరు ఉన్న చోటు అదే పట్టుకుంటుంది. పేరు చెప్పకుండా కూడా పంపవచ్చు. 100 నిమిషాల్లో తేల్చాలన్నది లక్ష్యం. మా రోజుల చివర్లో అది వచ్చింది. రాగానే మా జీపులో భోజనం డబ్బాలు తెరవడం మానేశాం. యాప్ వద్దనుకుంటే ఎన్నికల హెల్ప్‌లైన్ 1950 నంబరుకు ఫోను చేయండి.

ఇక మీ జెండా. కట్టుకోవచ్చు, నిక్షేపంగా. కార్యకర్తలు, అభిమానులు తమ సొంత ఇంటి మీద జెండాలు, తోరణాలు, బ్యానర్లు, కటౌట్లు పెట్టుకోవచ్చని కమిషన్ చెప్పింది. షరతులు రెండు. ఎవరి ఒత్తిడీ లేకుండా మీ అంతట మీరు పెట్టుకోవాలి, దానివల్ల ఇంకెవరికీ ఇబ్బంది కలగకూడదు. జెండాల సంఖ్యకూ హద్దు ఉంది. ఒక పార్టీవి లేదా ఒక అభ్యర్థివి మూడుకు మించకూడదు. ఒకటి కంటే ఎక్కువ పార్టీలవి కట్టదలిస్తే ఒక్కో దానికి ఒక్కో జెండానే. ఇది చదివి నవ్వుకునేవారు ఉంటారు, ఒకే ఇంటి మీద రెండు పార్టీల జెండాలు ఎవరు కడతారని. పొత్తు సీట్లలోనూ, అన్నదమ్ములు చెరో పార్టీలో ఉన్న ఇళ్ళలోనూ కడతారు. కిందింటి అన్న, మేడ మీది తమ్ముడు ఒకరి జెండా ఒకరికి కనపడకుండా ఎత్తు పెంచుకుంటూ పోయిన ఇంటిని నేను చూశాను. చివరికి వాళ్ళ అమ్మే రెండూ దింపించింది, మాకు పని తప్పింది.

జెండాకూ ఫ్లెక్సీకీ మధ్య ఒక గీత ఉంది, దాన్ని గమనించండి. ఉత్త పార్టీ జెండా మీ అభిమానం. "ఫలానా వారికే మీ ఓటు" అని అభ్యర్థి పేరు, ఫొటో, గుర్తు వేసి కడితే అది ఓటు అడగడం. ఆ క్షణం నుంచి అది అభ్యర్థి తరఫున పెట్టిన ఖర్చు అవుతుంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఇతరులు ఖర్చు పెట్టడం నేరం. 1920లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 171-హెచ్ సెక్షన్ ఇది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 176వ సెక్షనుగా వచ్చింది. పాత చట్టంలో 500 రూపాయల దాకా ఉన్న జరిమానా ఇప్పుడు 10 వేల దాకా పెరిగింది. అందులో ఒక మినహాయింపు ఉంది. అనుమతి లేకుండా పెట్టిన ఖర్చు పది రూపాయలు దాటకపోతే, పది రోజుల్లోగా అభ్యర్థి దగ్గర ఆమోద పత్రం తెచ్చుకుంటే ఇబ్బంది లేదు. పది రూపాయలు! నూరేళ్ళ కిందట అది సొమ్మే. ఈ రోజు ఆ డబ్బుకు ఫ్లెక్సీ కట్టే పురికొస కూడా రాదు. జరిమానా పెంచినవారు ఆ పది రూపాయలను ఎందుకు ముట్టుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాబట్టి అభ్యర్థి ఫ్లెక్సీ కట్టాలనుకుంటే సొంత డబ్బుతో కొట్టించుకోకండి. అభ్యర్థి దగ్గరకో ఆయన ఏజెంటు దగ్గరకో వెళ్ళి, ఫలానా ఇంటి మీద పెట్టడానికి అనుమతిస్తున్నట్టు కాగితం తీసుకోండి. వాళ్ళే ఇస్తే తెచ్చి కట్టండి, మీ అంగీకార పత్రం వాళ్ళకు ఇవ్వండి, లెక్కలో చూపించుకోవడం వాళ్ళ పని. అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు మన రెండు రాష్ట్రాల్లో 2022 నుంచి ఉన్న గరిష్ఠ పరిమితి. అభ్యర్థి ఖర్చు లెక్కను ఎన్నికల సిబ్బంది విడిగా ఒక రిజిస్టరులో రాసుకుంటూ ఉంటారు, దాన్నే షాడో రిజిస్టరు అంటారు. ఫ్లెక్సీ చదరపు అడుగు ధర, జెండా ధర, కుర్చీ అద్దె, టీ ధర సహా జిల్లాలో ముందే పట్టిక ఖరారు చేస్తారు. మీ డాబా మీద ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ కనిపిస్తే వీడియో తీసి, కొలిచి, పట్టిక ప్రకారం ధర కట్టి ఆ అభ్యర్థి ఖాతాలో రాసేస్తారు. ఆ తరువాత అభ్యర్థి "నాకు తెలియదు" అంటే, తిరిగి మీ దగ్గరకే వస్తారు. అభిమానం కొద్దీ చేసినవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఫ్లెక్సీ కింది మూల చూడటం కూడా అలవాటు చేసుకోండి. ఎన్నికల కరపత్రాలు, పోస్టర్ల మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షను. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ముద్రించినవారి, ప్రచురించినవారి తప్పే గానీ, అది ఏ ఇంటి మీద వేలాడుతోందో ఆ ఇంటినుంచే విచారణ మొదలవుతుంది.

అద్దెకున్నవారి ఫ్లెక్సీ కొంచెం చిక్కు విషయం. ఆదేశాలు యజమాని అంగీకారం గురించి మాట్లాడతాయి. ప్రహరీ, డాబా, మెట్ల వైపు గోడ మీవి. అక్కడ మీ కాగితం లేకుండా పార్టీ వాళ్ళు ఏదీ కట్టకూడదు, అద్దెదారు పిలిచి కట్టించినా సరే. దాన్ని తీయించమని మీరు అడగవచ్చు. వాళ్ళు ఉంటున్న వాటా బాల్కనీకి లోపలి వైపు ఒక చిన్న జెండా పెట్టుకుంటే మాత్రం, నన్నడిగితే చూసీ చూడనట్టు వదిలేయమంటాను. అక్కడ ఉంటున్నది వాళ్ళు. ఇక ఒక మాట గట్టిగానే చెబుతాను. "ఆ పార్టీకి ఓటేస్తే ఇల్లు ఖాళీ చేయాలి" అని నోరు జారకండి. ఓటరును బెదిరించడం ఎన్నికల్లో అనుచిత ప్రభావం కిందకు వస్తుంది, ఫ్లెక్సీ తగాదా అక్కడితో ఆగదు. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఇంకో ముక్క: పైకప్పు, ప్రహరీ, గేటు ఏ ఒక్కరివీ కావు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి స్థలంలో అందరికీ విభజించని వాటా ఉంటుంది. సంఘం అధ్యక్షుడు ఒక్కడే సంతకం పెట్టి గేటు మీద ఫ్లెక్సీ కట్టించిన చోట నాలుగో అంతస్తు నుంచి ఫిర్యాదు రావడం ఖాయం.

మీ శ్రీమతి ఉద్యోగం విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964లో 5వ నియమం కింద ఒక వివరణ ఉంది. ఉద్యోగి తన ఒంటి మీద, వాహనం మీద, నివాసం మీద ఏ ఎన్నికల గుర్తును ప్రదర్శించినా, అది ఎన్నికల్లో తన పలుకుబడిని వాడినట్టే లెక్క. "నివాసం" అన్న మాట అక్కడ ఊరికే పెట్టలేదు. ఇల్లు మీ పేరున ఉండవచ్చు, జెండా కట్టింది మీరే కావచ్చు, కానీ ఆవిడ నివాసం కూడా అదే కదా. నోటీసు వస్తే జవాబు చెప్పుకోవలసింది ఆవిడే. మీరు గెలిచే వాదన ఒకటి ఉండవచ్చు, ఆ లోపల ఆవిడ ప్రమోషను ఫైలు మీద ఒక కాగితం కూర్చుంటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు కూడా 1964 నాటి ప్రవర్తనా నియమాలే, అందులో 19వ నియమం రాజకీయాల జోలికి వెళ్ళవద్దంటుంది. కాబట్టి నిబంధనల ప్రకారం మీరు మూడు జెండాలు కట్టుకోవచ్చు, ఇంట్లో పరిస్థితి ప్రకారం ఒక్కటి కూడా వద్దు. మీ అభిమానం పార్టీ కార్యాలయంలో చూపించండి, అక్కడ టీ కూడా దొరుకుతుంది.

మీరు అడగలేదు గానీ, మీ ఇల్లు బడి దగ్గర అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ బడి పోలింగ్ కేంద్రమైతే పోలింగ్ రోజు పరిస్థితి వేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 130వ సెక్షను ప్రకారం పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓటు అడగకూడదు, ఎన్నికలకు సంబంధించిన ప్రకటన గానీ గుర్తు గానీ ప్రదర్శించకూడదు. ఒక పోలింగ్ రోజు తెల్లవారుజామున బడి గేటు నుంచి ఒక డాబా దాకా టేపు పట్టి కొలిచాం. అరవై మీటర్లు కూడా లేదు. డాబా మీద అభ్యర్థి నవ్వుతూ పది అడుగుల ఎత్తున ఉన్నాడు. ఇంటాయన పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఇది నా ఇల్లండీ, ప్రభుత్వ స్థలం కాదు" అన్నాడు. నేను పుస్తకం తెరిచి, "బహిరంగ స్థలమైనా, ప్రైవేటు స్థలమైనా" అన్న ముక్క చూపించాను. నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని రెండుసార్లు చదివాడు. ఏమీ అనకుండా పైకి వెళ్ళి తాళ్ళు తానే కోశాడు. జరిమానా 250 రూపాయల దాకానే గానీ, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగల నేరం అది. పోలింగ్ ముందు రోజు సాయంత్రమే మీ ఇంటి మీద ఏమి ఉందో ఒకసారి పైకెక్కి చూసుకోండి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ఇంటి గోడ మీద ప్రొజెక్టరుతోనో తెరతోనో ప్రచార చిత్రాలు వేయడం కూడా కుదరదు.

ఈ ప్రశ్న కింద అమెరికాలో ఉన్నవారు కూడా ఒకరిద్దరు తమ సంగతి అడిగారు. అక్కడి చట్టం రాష్ట్రానికొక తీరు. మా మేనల్లుడు ఉండే టెక్సాస్‌లో కాలనీ సంఘం మీ ఇంటి ముందు పచ్చికలో అభ్యర్థి బోర్డును ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి పూర్తిగా నిషేధించకూడదు, పోలింగ్ అయిన పది రోజుల తరువాత తీసేయమనవచ్చు. నేలలో గుచ్చినదై ఉండాలని, అభ్యర్థికి ఒకటే ఉండాలని, నాలుగడుగులు ఇంటూ ఆరడుగులు దాటకూడదని సంఘం నియమం పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియాలో బోర్డయితే తొమ్మిది చదరపు అడుగులు, జెండా, బ్యానరు అయితే పదిహేను దాటితే సంఘం అభ్యంతరం చెప్పవచ్చు. ఊరి పాలకవర్గం ఇంటి ముందు బోర్డులను దాదాపు పూర్తిగా నిషేధిస్తే అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1994లో లడ్యూ అనే ఊరి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. గల్ఫ్ యుద్ధం వద్దని ఒకావిడ తన పచ్చికలో బోర్డు పెట్టి, తరువాత మేడ కిటికీకి ఒక కాగితం అంటించడంతో మొదలైన కేసు అది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారు పార్టీ ఉచితంగా ఇచ్చే బోర్డు దగ్గరే ఆగండి. విదేశీయులు అభ్యర్థికి విరాళం ఇవ్వకూడదు, ప్రచార సంస్థ దగ్గర బోర్డు కొన్న డబ్బును విరాళం కిందే లెక్కిస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిషేధం లేదు.

తిరిగి మీ గోడకు వస్తే ఒక చిన్న విషయం. బృందాలు చెరిపేటప్పుడు మామూలు సున్నమే కొడతాయి. మీ గోడ మీద గుర్తు వేసింది ఎనామిల్ రంగుతో అన్నారు. దాని మీద సున్నం నిలవదు, రెండు వానలు పడితే లోపలి గుర్తు మళ్ళీ తొంగి చూస్తుంది. ఇరుగుపొరుగు మీరే మళ్ళీ వేయించారనుకుంటారు. మున్సిపాలిటీ సున్నం కొట్టి వెళ్ళాక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తరువాత పెయింటరును పిలిచి గరుకు కాగితంతో రుద్దించి, ప్రైమర్ ఒక కోటు వేయించి, ఆ పైన మీకు నచ్చిన రంగు కొట్టించుకోండి. ఆ రంగు ఏ పార్టీదీ కాకుండా మాత్రం చూసుకోండి, మా ఊళ్ళో లేత పసుపు గోడ మీద కూడా నాకు రెండు ఫిర్యాదులు వచ్చాయి.